నీటి వెంట బాట: ఖిల్లా ఘణపురము నుండి అలంపురము వరకు

విహారయాత్ర అనగానే మన గృహములలో సాధారణముగా రెండు ఆలోచనలు కలుగుచుండును. మొదటిది దైవదర్శనము, రెండవది ఎండకాలమున చల్లని కొండచోటు. రెంటియందును గమ్యమే ప్రధానము. నడుమ గల బాట కేవలము ఓర్చుకొనవలసిన దూరము. ఆ బాటనే యాత్రగా చేసికొనుట మనకింకను అంతగా అలవాటు కాలేదు. హైదరాబాదు నుండి కర్నూలు పోవు 44వ నంబరు జాతీయ రహదారియే ఇందుకు నిదర్శనము. జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు, ఎఱ్ఱవల్లి అను పేర్లు ఫలకములపై కనబడి, చదువునంతలో వెనుకకు పోవును. రెండు మూడు గంటలలో పాత పాలమూరు జిల్లా యావత్తు దాటిపోవును. ఆ రెండు మూడు గంటలను మూడు దినములుగా మార్చుకొన్నచో ఏమి లభించునో, అందుకెట్లు సిద్ధపడవలెనో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

ఈ విషయమున ఇటలీ దేశస్థులను చూచి మనము నేర్చుకొనదగినది కొంత కలదు. ఫ్లోరెన్సు, సియెనా నగరముల మధ్య దూరము సుమారు డెబ్బది కిలోమీటర్లు మాత్రమే. వేగమార్గమున గంట ప్రయాణము. అయినను రసికులైన యాత్రికులు ఆ మార్గమును విడిచి, కియాంతి కొండల నడుమ ద్రాక్షతోటల గుండా మెలికలు తిరుగుచు పోవు పాత బాటను పట్టి, రెండు మూడు దినములు గడపుదురు. కియాంతి ద్రాక్షసారాయమునకు ఆ పేరు పెట్టుకొనదగిన ఎల్లలేవో 1716లోనే అచటి ప్రభువు మూడవ కోసిమో శాసనముచే నిర్ణయించెను. రైతు తన పొలము మీది ఇంటిలో అతిథులకు బస, భోజనము ఏర్పాటు చేయుటకు 1985లో ప్రత్యేకముగా ఒక చట్టమే వచ్చెను. సియెనాకు దక్షిణమున గల వాల్ దోర్చా లోయను 2004లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినపుడు, ఏదో ఒక కోటనో దేవాలయమునో కాక, రైతులు తరతరములుగా తీర్చిదిద్దిన భూమినే గుర్తించిరి. ఊరు, పొలము, బాట వేర్వేరు కావనుట అక్కడి సూత్రము. ఊరిని చూడవచ్చినవాడు దానిని పోషించిన సేద్యమును గూడ చూచును. ఒక రాత్రి అచటనే నిదురించును. అతని వ్యయములో కొంత ఆ ఊరిలోనే మిగులును.

అక్కడ ఊళ్లను కలుపు సూత్రము ద్రాక్షతీగ. మన పాలమూరు ఊళ్లను కలుపు సూత్రమేది? నీరు అని మేము చెప్పుదుము. వర్షము తక్కువైన ఈ మెట్టసీమలో నీరున్న చోటనే కోట వెలసినది. చెరువు క్రిందనే సంస్థానము నిలిచినది. నదుల యొడ్డుననే గుడి కట్టబడినది. నీరు చాలని కాలమున ఇక్కడి కూలీలు దేశము నలుమూలలకు పోయి ఇతరుల ఆనకట్టలను కట్టిరి. కావున పటము మీద రహదారిని గాక, నీటిని అనుసరించి గీత గీసినచో యాత్ర తనంత తానే కుదురును. ఖిల్లా ఘణపురము, వనపర్తి, శ్రీరంగాపురము, సరళాసాగరము, జూరాల, గద్వాల, అలంపురము: ఇదియే మేము సూచించు వరుస.

మొదటి దినము ఖిల్లా ఘణపురముతో ప్రారంభింపవలెను. ఇది మహబూబునగరు, వనపర్తి పట్టణముల నడుమ, ఇప్పటి వనపర్తి జిల్లాలో ఉన్నది. రెండు కొండలను కలుపుచు ప్రాకారము సాగుట ఈ కోట ప్రత్యేకత. పదమూడవ శతాబ్దిలో కాకతీయ సామంతులైన గోన వంశమువారు దీనిని నిర్మించిరని చెప్పుదురు. ఆ వంశమువారి రాజధాని వర్ధమానపురము; అదియే నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను. ద్విపదలో రంగనాథ రామాయణమును రచించిన గోన బుద్ధారెడ్డి, అడివి బాపిరాజుగారి నవలకు, 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ చలనచిత్రమునకు పాత్రయైన గోన గన్నారెడ్డి ఈ వంశపువారే. తరువాతి కాలమున బహమనీలు, విజయనగర ప్రభువులు, గోలకొండ, బిజాపురము సుల్తానులు ఈ కోటకై పోరాడిరి.

ఇంతమంది ఈ రాతికొండ కొరకు ఏల పోరాడిరని యాత్రికునకు సందేహము కలుగవచ్చును. సమాధానము కొండ మీదను, కొండ క్రిందను ఉన్నది. కొండపై పడిన వాననీటిని క్రిందికి తెచ్చు రాతి కాలువను, గుండములను ఇక్కడ చూడవచ్చును. ఊరి చెరువు పేరు గణపసముద్రము. ముట్టడి వచ్చిన దినమున కోటలోనివారికి త్రాగునీరు, ముట్టడి లేని దినములలో ఊరివారికి సాగునీరు: ఈ రెండును ఉన్నందుననే ఈ కొండ విలువైనదయ్యెను. ఈ సంగతి తెలిసి ఎక్కినవానికి పాడుపడిన గోడ గోడగా మాత్రమే కనబడదు.

కొండ ఎక్కుట ఉదయము ఎనిమిది గంటల లోపలనే ముగియవలెను. ఎండ ఎక్కిన పిదప ఇక్కడి నల్లరాయి పెనము వలె కాలును. పాదరక్షలు జారనివిగా ఉండవలెను; మనిషికి రెండు సీసాల నీరు తప్పనిసరి. వృద్ధులు, చిన్నపిల్లలు గలవారు చెరువుగట్టు మీదనే విశ్రమించి కోటను చూచినను లోటు లేదు. రెండు కొండలు, వానిని కలుపు గోడ ఒక్క చూపునకు అందునది అచ్చటి నుండియే. ఊరి వృద్ధునొకనిని తోడు తీసికొన్నచో దారి తప్పు భయము తీరును, కథలును వినవచ్చును.

ఘణపురము నుండి వనపర్తి సుమారు గంట లోపలి ప్రయాణము. ఇది జనుంపల్లి వంశమువారి సంస్థాన రాజధాని. నిజాము ప్రభుత్వము క్రింద పాలమూరు సీమలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలుపేట సంస్థానములు ఉండెను. 1948 తరువాత సంస్థానములు అంతరించినవి గాని, వనపర్తి రాజప్రాసాదము పాడుపడలేదు. అందు ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాల నడుచుచున్నది. రాజుల భవనమున రైతుబిడ్డలు యంత్రవిద్య నేర్చుచుండుట ఈ యాత్రలో మనసునకు సంతోషము కలిగించు దృశ్యములలో ఒకటి. విద్యాసంస్థ గనుక కార్యాలయమువారి అనుమతి పొంది చూడవలెను. 1952 నాటి మొదటి సాధారణ ఎన్నికలలో ఈ వనపర్తి నుండియే శాసనసభకు ఎన్నికైనవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. 1926లో ‘గోలకొండ పత్రిక’ను స్థాపించినవారును, సాహిత్య అకాడమీ తెలుగున మొట్టమొదట పురస్కరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వ్రాసినవారును వారే.

వనపర్తి ప్రాంతమున చెరువులకు ‘సముద్రము’ అని పేరు పెట్టుట వాడుక. గణపసముద్రము, రంగసముద్రము, శంకరసముద్రము ఇత్యాదులను కలిపి సప్తసముద్రములందురు. సముద్రమెరుగని సీమలో చెరువునే సముద్రమనుకొన్న ప్రజల ఆర్తి ఆ పేర్లలో వినబడుచున్నది. రంగసముద్రపు టొడ్డున శ్రీరంగాపురమున వనపర్తి ప్రభువులు కట్టించిన రంగనాయకస్వామి దేవాలయము కలదు. పెబ్బేరు మీదుగా సాయంకాలమునకు అక్కడికి చేరవలెను. గాలిగోపురపు నీడ నీటిలో పొడుగుగా పరచుకొను సమయమది. రాత్రికి మరల వనపర్తికి వచ్చి బస చేయవచ్చును.

రెండవ దినము కొత్తకోట మీదుగా మదనాపురము వైపు మరలవలెను. అక్కడ సరళాసాగరము కలదు. వనపర్తి రాజా రామేశ్వరరావుగారు తమ తల్లి సరళాదేవిగారి పేర తలపెట్టిన ఈ జలాశయము 1949లో ఆరంభమై 1959లో పూర్తియైనది. దీని విశేషము సైఫనులు. ఇక్కడ తలుపులెత్తు మనిషి అక్కరలేదు. డబ్బాలోని కిరసనాయిలును రబ్బరు గొట్టముతో ఒకమారు పీల్చి వదలినచో, అది తనంత తానే క్రిందికి కారుచుండుట మన ఇండ్లలో అందరెరిగినదే. ఇదియు అదే సూత్రము. నీరు నిండు మట్టమును మించగానే వంపు తిరిగిన కాంక్రీటు గొట్టముల లోపల పొరలి పారజొచ్చును. ఆ పారుదల లోపలి గాలిని తనతో ఈడ్చుకొనిపోవును. గాలి పోయిన చోటును నీరు ఆక్రమించి, గొట్టము నిండుగా, మిక్కిలి వేగముతో బయటికి దూకును. మట్టము తగ్గినంతనే గాలి మరల లోనికి చొరబడి పారుదల ఆగిపోవును. నిండు వానలలో పోయినవారికి ఈ వింత చూచు భాగ్యము కలుగవచ్చును. అయితే ఎంతటి నేర్పుతో కట్టినదానికైనను కాపుదల కావలెను. 2019 డిసెంబరు 31న ఈ జలాశయపు మట్టికట్టకు గండి పడి నీరంతయు పోయెను. పిదప కట్టను మరల కట్టిరి.

కార్తిక మాసమున పోవువారు ఈ దారిలోనే కురుమూర్తి కొండను చేర్చుకొనవచ్చును. దీపావళి తరువాత జరుగు అక్కడి జాతరలో స్వామివారి పాదుకలను ఊరేగించు ఉద్దాల ఉత్సవము ప్రసిద్ధము. కాని అపుడు జనసమ్మర్దము అధికము. ఆ దినమున మరియొక పని పెట్టుకొనరాదు.

ఆత్మకూరు దాటగానే కృష్ణ ఎదురగును. జూరాల ప్రాజెక్టు కట్ట మీది బాటయే ఆవలి యొడ్డునకు, గద్వాల వైపునకు దాటించును. ఒక ప్రక్క నిండిన జలాశయము, మరియొక ప్రక్క రాళ్ల నడుమ పాయలుగా చీలిన నది. ఆషాఢము మొదలు భాద్రపదము వరకు ఎగువ నుండి వరద వచ్చినపుడు గేట్లెత్తుదురు; ఆ దృశ్యము చూడ జనము తీర్థమువలె చేరుదురు. వరద ఉద్ధృతముగా ఉన్న దినములలో కట్ట మీది రాకపోకలను గూర్చి ముందుగా విచారించుకొనుట మంచిది. నది చేపలను అప్పటికప్పుడు వేయించి ఇచ్చు దుకాణములు ఇక్కడ కలవు. మాంసాహారులు మధ్యాహ్న భోజనమును ఇక్కడనే ఏర్పాటు చేసికొనవచ్చును. శాకాహారులకు జొన్నరొట్టె, పుంటికూర, పల్లీల పచ్చడి ఈ సీమలో ఏ పూటకూళ్లయింటనైనను రుచిగా దొరకును.

కృష్ణ దాటినది మొదలు నేల రంగు మారును. గద్వాల పరిసరములలో విత్తనపత్తి చేలు విస్తారము. ఆడపువ్వునకు మగపువ్వు పుప్పొడిని చేతితో అద్దుచు కూలీలు వరుసలలో సాగుట వానకాలపు చివరలో చూడదగిన పని. ఒక్కొక్క పువ్వును మనిషి చేయి ముట్టిన పిదపనే విత్తనమగుచున్నది. ద్రాక్షతోటలో గుత్తులు కోయు చేతులను చూచి ముచ్చటపడు లోకము ఈ చేతులను గూడ ఒకమారు చూడవలెను.

గద్వాల కోటను నిర్మించినవాడు సోమభూపాలుడు. సోమనాద్రియనియు ఆయనకు పేరు. కోట నడుమ చెన్నకేశవస్వామి ఆలయము, ఆ ప్రక్కనే ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నవి. ఇక్కడను చదువే కోటకు కొత్త కాపరి. కవిపండితులను ఆదరించుటచే ‘విద్వద్గద్వాల’ అని ఈ సంస్థానము పేరు గాంచెను. తిరుపతి వేంకటకవుల వంటివారు ఇచటికి వచ్చి సన్మానములందిరి. ఇటలీ పాత పట్టణములలో కోటగోడల లోనికి పరాయివారి కారులను రానీయరు. వెలుపలనే నిలిపి నడచి పోవలెను. గద్వాలలో అట్టి నిషేధము లేకున్నను, యాత్రికులు స్వయముగా ఆ నియమమును పాటించినచో కోట వీధులు చక్కగా కనబడును.

గద్వాలలో మధ్యాహ్నమంతయు మగ్గములకే కేటాయింపవలెను. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచులును కొంగును పట్టు. నూలునకు, పట్టునకు గుణము వేరు; లాగుడు వేరు. రెంటిని ఒకే బట్టగా నిలుపుటయే ఇక్కడి విద్య. మూడు నాడెలతో నేసి, ఒడలి పేకను అంచు పేకను ఒకదానితో ఒకటి మెలివేసి ముడివైచుదురు. ఒంటరిగా కాక ఇరువురు కూర్చుండి నేయవలసిన పని అది. తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవములకు ఏటేట సమర్పించు జోడు పంచెలను గూడ ఇక్కడి నేతగాండ్రు నియమనిష్ఠలతో నేయుదురు. గద్వాల చీరకు చట్టరీత్యా భౌగోళిక గుర్తింపు లభించినది. అయినను మరమగ్గము మీద అచ్చుగుద్దినట్లు వచ్చు నకిలీలు అంగళ్లలో తక్కువ లేవు. బట్టను తిరగవేసి అంచు కలిసిన చోట చేతిముడుల వరుసను చూపుమని అడిగి కొనవలెను. మగ్గము ప్రక్కన ఒక గడియ కూర్చుండి చూచినవాడు ధర విషయమున బేరమాడుటకు సిగ్గుపడును. ఆ రాత్రి గద్వాలలోనే బస.

మూడవ దినము ఎఱ్ఱవల్లి వద్ద జాతీయ రహదారినెక్కి, అలంపురము చౌరస్తాలో తూర్పునకు మరలి, తుంగభద్ర యెడమ గట్టున గల అలంపురము చేరవలెను. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దులలో నిర్మించిన నవబ్రహ్మాలయములు ఇచట కలవు. పేరునకు బ్రహ్మాలయములైనను అన్నియు శివుని గుళ్లే. ఉత్తరదేశపు రీతిలో వంపు తిరిగి పైకి పోవు శిఖరములు తెలుగు నేల మీద ఇంత చక్కగా మరియొక చోట కనబడుట అరుదు. స్వర్గబ్రహ్మాలయము వినయాదిత్య చక్రవర్తి కాలము నాటిది. ఆయన పాలనము 681 నుండి 696 వరకు సాగెను. అష్టాదశ శక్తిపీఠములలో ఒకటైన జోగులాంబ ఆలయము పదునాలుగవ శతాబ్దిలో ధ్వంసము కాగా, 2005లో మరల నిర్మింపబడినది. ఈ క్షేత్రపు శాసనములను, చరిత్రను లోకమునకు తెలియజెప్పుటలో జీవితము గడపినవారు అలంపురవాసులైన గడియారము రామకృష్ణశర్మగారు. వారి స్వీయచరిత్ర ‘శతపత్రము’నకు సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది.

నీరు ఇంతవరకు మనకు ఊళ్లను చూపినది. అది ఊళ్లను తీసికొనిపోవుట గూడ అలంపురముననే తెలియును. శ్రీశైలము జలాశయము నిండినపుడు కృష్ణాతుంగభద్రల సంగమ ప్రాంతమున అనేక గ్రామములు మునిగినవి. కూడవెల్లి వద్ద నుండిన సంగమేశ్వరాలయమును రాయి రాయికి అంకె వేసి విప్పి, తెచ్చి, అలంపురమున తిరిగి నిలిపిరి. పాపనాశి దేవాలయములను గూడ అట్లే తరలించిరి. గుళ్లకు అంకెలు వేసి తేగలిగిరి. పొలములను, చింతచెట్లను, రచ్చబండలను తేలేకపోయిరి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగినపుడు అలంపురమే మునిగెను. ఇవి తెలిసి సంగమేశ్వరుని గోడలపై చేయి ఆనించినవానికి ఆ రాళ్లు వేరు విధముగా తోచును.

నాలుగవ దినము తీరిక గలవారు కొల్లాపురము, సోమశిల వైపు పోవచ్చును. జటప్రోలు సంస్థానమునకు చివరి రాజధాని కొల్లాపురము. వేసవిలో దాని మామిడిపండ్లు ప్రసిద్ధము. సోమశిల లలితాసోమేశ్వరాలయము గూడ మునక నుండి తరలివచ్చినదే. నది అక్కడ నల్లమల కొండల నడుమ విశాలమై కనబడును.

ఇక ఏర్పాట్లను గూర్చి నాలుగు మాటలు. కార్తికము నుండి మాఘము వరకు ఈ యాత్రకు మేలైన కాలము. చెరువులు నిండియుండును, ఎండ మితముగా ఉండును, మొదటి నెలలో సీతాఫలములు దొరకును. వరద చూడగోరువారు శ్రావణ భాద్రపదములను ఎంచుకొనవలెను గాని కోట ఎక్కుటకు అపుడు రాళ్లు జారును. చైత్రము తరువాత పగటి ప్రయాణము వలదు. వనపర్తి, గద్వాల పట్టణములలో బసలకు లోటు లేదు. అలంపురమున పర్యాటక శాఖవారి బసను ముందుగా మాటలాడుకొనవలెను. దినమునకు నూరు కిలోమీటర్లకు మించి పోవు పథకము వేసికొనరాదు. కారు లేనివారికి ఆర్టీసీ బస్సులు, గద్వాల, వనపర్తి రోడ్డు రైలుస్టేషనులు ఉన్నవి; ఒక దినము అధికముగా ఉంచుకొన్నచో చాలును.

అన్నిటికంటె ముఖ్యమైన ఏర్పాటు రాత్రి బస. ఉదయము హైదరాబాదులో బయలుదేరి, మూడు గుళ్లు చూచి, రాత్రికి మరల హైదరాబాదు చేరువాడు ఈ ఊళ్లకు దుమ్మును మాత్రమే మిగుల్చును. ఇక్కడ నిదురించినవాడు పూటకూళ్లమ్మకు రెండు భోజనముల వెలను, నేతగానికి ఒక చీర వెలను, దారి చూపిన వృద్ధునకు గౌరవమును మిగుల్చును. చూచువారు లేని కోట రాళ్లను ఇండ్లకు తరలింతురు. నిధి ఉన్నదని రాత్రివేళ త్రవ్వుదురు. అడుగువారు లేని మగ్గము ఒకనాడు అటకెక్కును. 2015లో మొదలైన చెరువుల పూడికతీతలోను, ఎత్తిపోతల నీటితోను ఈ సీమ కొంత పచ్చబడినది. బ్రతుకుతెరువునకై ఊరు విడిచిన ఇంటివాడు తిరిగి వచ్చి, ఊరిలోనే అతిథికి అన్నము పెట్టి జీవింపగలిగినచో ఆ పచ్చదనము నిలుచును.

అందుచే శ్రోతలు ఈ మారు కర్నూలు వైపు పోవునపుడు, గడియారమును గాక చెరువులను లెక్కపెట్టుకొనుచు పోవుదురుగాక. రహదారి మీది ఆ ఫలకముల వెనుక ఊళ్లున్నవి. ఊళ్లలో మనకై దీపము వెలిగించి ఉంచుటకు సిద్ధముగా మనుష్యులున్నారు.